అటక మీద దొరికిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్‌ని హెచ్‌డీఎంఐ టీవీకి కలిపి మళ్ళీ వాడుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: సీతమ్మధారలో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మీ నాన్నగారి డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ (టీవీకి కలిపి వాడే 80ల నాటి ఇంటి కంప్యూటరు), దాని అడాప్టరు, ఒక సంచి నిండా దాని ప్రోగ్రాముల క్యాసెట్లు దొరికాయి. ఇంట్లో ఉన్నది హెచ్‌డీఎంఐ ఉన్న ఎల్ఈడీ టీవీ. దానికి కలపడం కుదురుతుందా, ఐదో క్లాసు చదివే మీ అమ్మాయికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉందా, లేక షోకేసులో పెట్టేయడమేనా అని.

కుదురుతుంది, షోకేసులో పెట్టాల్సిన అవసరం లేదు. కాకపోతే మీరు ముందు టీవీ గురించి అడిగారు, టీవీ పని అన్నిటికంటే తేలిక, అది చివర్లో చూసుకోవచ్చు. నేను చేసే వరస చెప్తాను: ముందు క్యాసెట్లు కాపాడుకోవాలి, తర్వాత అడాప్టరు, తర్వాత లోపలి వోల్టేజీలు, కీబోర్డు, అప్పుడు బొమ్మ, ఆ తర్వాత ఎస్‌డీ కార్డు. డబ్బు కూడా ఇదే వరసలో ఖర్చు పెట్టండి. చాలామంది ముందే ఖరీదైన హెచ్‌డీఎంఐ బోర్డు తెప్పించుకుని, అది తగిలించాక మెషిన్ ఆన్ అవ్వట్లేదని నా దగ్గరికి వస్తారు. ఇంకోమాట, ఆ పాత అడాప్టరుని ఇంకా ప్లగ్గులో పెట్టకపోతే దయచేసి పెట్టకండి, ఎందుకో కింద చెప్తాను.

నేను స్టీల్ ప్లాంట్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేసి రిటైర్ అయ్యాను, ఉక్కునగరంలో ఉన్న రోజుల నుంచీ ఈ 8-బిట్ మెషిన్లు బాగుచెయ్యడం నాకు చాలా ఇష్టం. ఈ ఊళ్ళో షిప్‌యార్డు, పోర్టు, నేవీ వాళ్ళ ఇళ్ళల్లోంచి ఇప్పటికీ ఒకటీ అరా బయటికొస్తూనే ఉంటాయి.

మీ దగ్గరున్నదేంటో రెండు ముక్కల్లో. సింక్లెయిర్ వాళ్ళు స్పెక్ట్రమ్‌ని 1982లో రబ్బరు కీలతో తెచ్చారు, 1984లో గట్టి ప్లాస్టిక్ కీలు, పక్కన రీసెట్ బటన్ పెట్టి ప్లస్ అన్నారు. డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు లైసెన్స్ తీసుకుని దాన్నే మన దేశంలో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో 80ల రెండో సగంలో అమ్మారు. జెడ్80ఏ ప్రాసెసర్, 3.5 మెగాహెర్ట్జ్ వేగం, 16 కేబీ రోమ్, 48 కేబీ ర్యామ్, తెర మీద 256 అడ్డం 192 నిలువు చుక్కలు. మెషిన్ అదే కాబట్టి స్పెక్ట్రమ్‌కి రాసిన సాఫ్ట్‌వేరూ, ఇప్పుడు కొత్తగా తయారయ్యే విడిభాగాలూ దాదాపు అన్నీ దీనికీ సరిపోతాయి.

క్యాసెట్లు

కంపెనీ లేబుల్ ఉన్న ఆటల క్యాసెట్లయితే తొందరేం లేదు, అవి ఫైళ్ళ రూపంలో ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. మీ నాన్నగారు పెన్నుతో పేరు రాసినవి ఉంటాయి చూడండి, వాటిని వేరుగా తియ్యండి. వాటిలో ఆయన సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు ఉంటే అవి లోకంలో ఇంకెక్కడా దొరకవు, కంప్యూటర్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు గానీ వాటిని కొనలేం. మా టౌన్‌షిప్‌లో ఒకాయన టేపులోంచి ఆయన 80ల్లో రాసుకున్న షిఫ్ట్ డ్యూటీ చార్టు ప్రోగ్రాం బయటికి తీశాం, ఏ, బీ, సీ షిఫ్టులు, వీక్లీ ఆఫ్‌లు అన్నీ లెక్కగట్టి చూపిస్తుంది. రెమ్ లైన్లలో, అంటే ప్రోగ్రాం మధ్యలో రాసుకునే గమనికల్లో, వాళ్ళ గ్యాంగులో అందరి పేర్లూ ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు, వాళ్ళబ్బాయి దాన్ని చూసిన తీరు నాకు గుర్తుండిపోయింది, అందుకే అందరికీ ముందు క్యాసెట్లు అంటాను.

టేపుని ప్లేయర్‌లో పెట్టేముందు కిటికీ దగ్గర టార్చి వేసి టేపు చుట్టలో అంచు చూడండి. మన వైజాగ్ తేమకి అక్కడ తెల్లగా బూజు పడుతుంది. బూజుంటే ప్లే చెయ్యొద్దు, హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే టేపులన్నిటికీ పాకుతుంది, వాటిని విడిగా శుభ్రం చేసుకోవాలి. బూజు లేనివి మాత్రం ముందు చివరిదాకా ఫార్వర్డ్, మళ్ళీ రివైండ్ చేసి వదులు చెయ్యండి, అతుక్కున్న పొరలు విడతాయి. ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి.

ఆ తర్వాత హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు వేసి వేవ్ ఫైల్‌గా, 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చెయ్యండి. ఎంపీ3 వద్దు, అది సిగ్నల్‌లో మనకి కావాల్సిన అంచుల్నే అరగదీస్తుంది. చెవిపెట్టి వింటే ముందు ఓ ఐదు సెకన్లు ఒకే స్థాయిలో కూత వస్తుంది, అది 800 హెర్ట్జ్‌కి కాస్త పైన ఉంటుంది, తర్వాత క్షణంపాటు బర్రుమంటుంది, అందులో ఫైలు పేరు ఉంటుంది, మళ్ళీ రెండు సెకన్లు కూత, ఆ తర్వాత అసలు డేటా గరగరమంటూ సాగుతుంది. ఆ గరగర మూగగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే హెడ్ కోణం తప్పిందని అర్థం. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, టేపు తిరుగుతుండగానే దాన్ని చిన్న స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పండి, శబ్దం ఎక్కడ బాగా పదునుగా తేలుతుందో అక్కడ ఆపండి. ఒక్కో క్యాసెట్‌కి ఇది మళ్ళీ చూసుకోవాలి, ఎందుకంటే అప్పట్లో ఏ టేప్‌రికార్డర్ మీద సేవ్ చేశారో దాని కోణమే టేపులో ఉంటుంది. నేను చూసినంతలో లోడ్ అవ్వని టేపుల్లో చాలావరకు ఈ స్క్రూతోనే తేరుకున్నాయి. ఆ వేవ్ ఫైల్‌ని ఫ్యూజ్ ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌ని స్పెక్ట్రమ్‌లా నడిపించే ప్రోగ్రాం) వాళ్ళ యుటిలిటీస్‌లో ఉన్న ఆడియో2టేప్‌కి ఇస్తే టేప్ ఫైల్‌గా మార్చి ఇస్తుంది, రెండు మూడు చోట్ల కాపీ పెట్టుకోండి.

అడాప్టరు

స్పెక్ట్రమ్‌కి కావాల్సింది 9 వోల్టుల డీసీ, 1.4 ఆంపియర్లు, ప్లగ్గు మధ్యలో మైనస్, బయట ప్లస్. ఈ రోజుల్లో మన ఇళ్ళల్లో రౌటర్లకీ సెట్‌టాప్ బాక్సులకీ వచ్చే అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్, పిన్ను మాత్రం చక్కగా పడుతుంది, అక్కడే కొంప మునుగుతుంది. గాజువాక నుంచి ఒక కుర్రాడు తెచ్చిన మెషిన్ అలాగే పోయింది, రౌటర్ అడాప్టర్ పెట్టారు, లోపల ట్రాన్సిస్టర్‌తో పాటు కింది ర్యామ్ చిప్పులు కూడా వెళ్ళిపోయాయి.

మీ పాత అడాప్టరు విషయానికొస్తే, అది ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, కెపాసిటర్ ఉన్న పాతకాలపుది, రెగ్యులేషన్ లేదు, లోడ్ లేకుండా కొలిస్తే 12 వోల్టుల పైనే చూపించొచ్చు. దశాబ్దాలు అటక మీద ఉన్న కెపాసిటర్‌ని నమ్మి మెషిన్‌కి కరెంటు ఇవ్వలేం. కొత్తది రెగ్యులేటెడ్ 9 వోల్టులు 2 ఆంపియర్లు తీసుకోండి, డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి, మధ్యలో మైనస్ ఉన్నది లేకపోతే అక్కడే పిన్ను మార్చి సోల్డర్ చేయించుకోండి, ఇంటికొచ్చాక మల్టీమీటర్‌తో మీరే స్వయంగా ఒకసారి చూసుకోండి. పాతదాన్ని పారెయ్యకుండా పెట్టెలో ఉంచండి.

లోపల 7805 రెగ్యులేటర్ ఉంటుంది, 9ని 5 చేసి మిగతాదంతా వేడిగా వదులుతుంది, మూడు వాట్ల దాకా ఆ అల్యూమినియం రేకు మీదే పోతుంది. మన మే నెలలో ఫ్యాన్ కింద పెట్టినా చెయ్యి పెట్టలేం. అందుకే దాని బదులు అదే మూడు కాళ్ళతో వచ్చే స్విచింగ్ రెగ్యులేటర్ వేస్తాను, కనీసం 1 ఆంపియర్‌ది, వేడి చాలావరకు తగ్గిపోతుంది. మొత్తం మెషిన్‌లో నేను తప్పకుండా మార్చే భాగం ఇదొక్కటే అని చెప్పొచ్చు. దాంతో పాటు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చడం మంచిదే, ఇవి రెండు పక్కలా కాళ్ళు ఉండే యాక్సియల్ రకం, ధర తక్కువ, పని ఒక పూట.

తెరవడం, కొలవడం

వెనక స్క్రూలు విప్పాక మూతని గబుక్కున పైకి లాగకండి. కీబోర్డు నుంచి బోర్డుకి పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్లు రెండుంటాయి, ఒకదాంట్లో 5 గీతలు, ఇంకోదాంట్లో 8. వయసుకి అవి అప్పడంలా అయిపోయి ఉంటాయి, వంచితే విరుగుతాయి. నెమ్మదిగా సాకెట్లోంచి నిటారుగా పైకి తియ్యండి. విరిగినా కంగారు లేదు, ప్లస్ మోడల్‌కి కొత్త మెంబ్రేన్లు (కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొరలు, ఆ రిబ్బన్లు వాటివే) ఇప్పటికీ తయారు చేసి అమ్ముతున్నారు. ప్లస్‌లో అదనపు కీల కోసం మెంబ్రేన్ పొరలు ఎక్కువ, అందువల్ల రబ్బరు కీల మోడల్ కంటే ఇందులోనే తొందరగా పోతుంది. కొన్ని కీలు పనిచేసి కొన్ని పనిచెయ్యకపోతే చిప్పులు అనుమానించేముందు మెంబ్రేన్ అనుమానించండి.

వెనక ఎడ్జ్ కనెక్టర్, అంటే బయటి బోర్డులు తగిలించే బోర్డు అంచు, చూడండి. సముద్రం గాలికి రాగి మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది, మామూలు పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది ఐసోప్రొపైల్‌తో తుడవండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీ ఎగిరిపోయి తడిసిన స్పెక్ట్రమ్ ఒకటి చాలా కాలం తర్వాత నా దగ్గరికొచ్చింది. బోర్డుని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరబెట్టాక చూస్తే చిప్పులన్నీ బాగానే ఉన్నాయి, పోయింది మెంబ్రేనూ, ఐసీ సాకెట్ల కాళ్ళూ. ఉప్పు ముందు సాకెట్లనే తింటుంది. ప్రాసెసర్‌నీ, యూఎల్ఏనీ (బొమ్మ, కీబోర్డు, టేపు చూసుకునే చిప్పు) సాకెట్‌లో ఉంటే ఒకసారి తీసి కాళ్ళు తుడిచి పెట్టండి, తీసేముందు ఒంట్లో స్టాటిక్ పోయేలా ఎర్త్ ముట్టుకోండి.

ఇప్పుడు వోల్టేజీలు. ఈ మెషిన్‌లో కింది 16 కేబీకి వాడినవి 4116 అనే మెమరీ చిప్పులు, ఎనిమిది. వీటికి ఒక్క 5 వోల్టులు సరిపోదు, మూడు వోల్టేజీలు కావాలి. ఆన్ చేసి, నెగటివ్ ప్రోబ్‌ని పిన్ 16 మీద పెట్టి చూస్తే:

పిన్ 1 మీద మైనస్ 5
పిన్ 8 మీద ప్లస్ 12
పిన్ 9 మీద ప్లస్ 5

మైనస్ 5 రాకపోతే వెంటనే ఆఫ్ చెయ్యండి. ఆ వోల్టేజీ లేకుండా 12 మాత్రం వెళ్తుంటే 4116 చిప్పులు వేడెక్కి చచ్చిపోతాయి. స్పెక్ట్రమ్ చావుల్లో ఎక్కువ ఇదే కథ. 12, మైనస్ 5 రెండూ ఒక చిన్న కాయిల్, జెడ్‌టీఎక్స్650, జెడ్‌టీఎక్స్213 అనే రెండు ట్రాన్సిస్టర్ల దగ్గర తయారవుతాయి, అక్కడ ట్రాన్సిస్టర్ పోతే ఇవి పడిపోతాయి. భాగాలు చవకే. 4116లే పోతే వాటి బదులు 5 వోల్టులతోనే నడిచే కొత్త మెమరీ మాడ్యూల్ దొరుకుతుంది, అలా వేస్తే ఈ బాధ శాశ్వతంగా పోతుంది.

అన్నీ బాగుంటే ఆన్ చెయ్యగానే తెర నల్లగా అయ్యి, ఒకటి రెండు సెకన్లలో తెల్లబడి, కింద 1982 అని సింక్లెయిర్ కాపీరైట్ లైను వస్తుంది. అదొచ్చిందంటే సగం గెలిచినట్టే. అప్పుడు మెమరీ మొత్తం ఉందో లేదో చూడ్డానికి ప్రింట్, పీక్ 23732 + 256 * పీక్ 23733 అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి (ప్రింట్‌కి పీ కీ, పీక్‌కి ఎక్స్‌టెండ్ మోడ్ నొక్కి ఓ కీ). 65535 వస్తే 48 కేబీ మొత్తం బాగుంది. 32767 వస్తే పై 32 కేబీ చిప్పుల్లో ఏదో పోయింది, మెషిన్ తనని తాను 16 కేబీ అనుకుంటోంది. అలా అయినా బేసిక్ (మెషిన్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) నడుస్తుంది, నేర్చుకోవడానికి కొన్నాళ్ళు ఢోకా లేదు, పెద్ద ఆటలు మాత్రం లోడ్ కావు.

ఇక బొమ్మ సంగతి

మెషిన్‌లోంచి బయటికొచ్చేది ఆర్‌ఎఫ్, అంటే యాంటెన్నా సాకెట్‌కి పెట్టేది, సింక్లెయిర్ మెషిన్లలో అయితే యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్. కొత్త టీవీలో ఎనలాగ్ ట్యూనర్ ఉంటే దొరకొచ్చు, దొరికినా బొమ్మ మసగ్గా ఉంటుంది, దాని మీద టైం పెట్టకండి.

మొదటి మెట్టు కాంపోజిట్. వెనక యాంటెన్నా సాకెట్ ఉన్న రేకు డబ్బాయే మాడ్యులేటర్, దాంట్లోకి బయటనుంచి రెండు వైర్లు వెళ్తాయి, ఒకటి 5 వోల్టులది, ఒకటి వీడియోది. ఆ రెంటినీ విప్పి, 5 వోల్టుల వైరుకి టేపు చుట్టి పక్కన పెట్టి, డబ్బా లోపల సాకెట్ మధ్య పిన్నుకి ఉన్న రెసిస్టర్‌ని తీసేసి, వీడియో వైరుని 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా (ప్లస్ కాలు మెషిన్ వైపు) నేరుగా ఆ పిన్నుకి ఇవ్వాలి. అంతే, టీవీలో పసుపు రంగు ఏవీ సాకెట్‌కి కలిపితే బొమ్మ వస్తుంది. కేసుకి కన్నాలు పెట్టక్కర్లేదు, కావాలంటే మళ్ళీ ఎప్పటిలా చెయ్యొచ్చు. సోల్డరింగ్ అలవాటు లేకపోతే మంచి మొబైల్ రిపేర్ మనిషికి ఈ పేరా చూపించండి, పావుగంట పని. కొన్ని ఎల్ఈడీ టీవీల్లో పసుపు సాకెట్ ఉండదు, 3.5 మిల్లీమీటర్ల ఏవీ జాక్ ఉంటుంది, దానికి టీవీతో వచ్చిన కేబులే వాడండి, బయట కొన్న కేబుళ్ళలో వైర్ల వరస తేడా ఉంటే బొమ్మ రాదు.

టీవీలో ఏవీ అసలే లేకపోతే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న తెల్ల డబ్బాలు చవగ్గా వస్తాయి. వీటి గురించి నా అభిప్రాయం: అక్షరాలు చదువుకోవడానికీ బేసిక్ రాసుకోవడానికీ సరిపోతాయి, ఆటలకి మాత్రం నచ్చవు. స్పెక్ట్రమ్ సెకనుకి 50 ఫ్రేములు, ఒక ఫ్రేముకి 312 లైన్లు, ఇంటర్‌లేస్ (లైన్లని ఒకటి విడిచి ఒకటి రెండు దఫాలుగా పంపే పద్ధతి) లేకుండా పంపిస్తుంది, ఆ డబ్బాలు దాన్ని మామూలు టీవీ ఇంటర్‌లేస్ సిగ్నల్ అనుకుని కలిపి, 60కి మార్చి పంపిస్తాయి, అందువల్ల కదిలే బొమ్మ గతుకుతుంది, కీ నొక్కాక తెర మీద కాస్త ఆలస్యంగా కదులుతుంది. రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ లాంటి మంచి స్కేలర్లు (పాత మెషిన్ల బొమ్మని కొత్త టీవీకి మార్చే డబ్బాలు) ఈ తప్పు చెయ్యవు కానీ ఖరీదు. ఒక విషయం గుర్తుంచుకోండి, ఓఎస్ఎస్‌సీ కాంపోజిట్ తీసుకోదు, దానికి ఆర్‌జీబీ లేదా కాంపోనెంట్ ఇవ్వాలి, 48 కేబీ స్పెక్ట్రమ్ నేరుగా ఆర్‌జీబీ ఇవ్వదు. తెలియక దాన్ని కొనేవాళ్ళున్నారు.

అన్నిటికంటే శుభ్రమైన బొమ్మ ఇచ్చేది జెడ్‌ఎక్స్-హెచ్‌డీ అనే బోర్డు. ఇది వెనక ఎడ్జ్ కనెక్టర్‌కి తగులుతుంది, మీద రాస్‌ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు కూర్చుంటుంది. అది పనిచేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. వీడియో సిగ్నల్ జోలికే పోదు. స్పెక్ట్రమ్‌లో తెర అంటే మెమరీలో 16384 నుంచి 6912 బైట్లు, మొదటి 6144 చుక్కలు, మిగతా 768 రంగులు. ప్రాసెసర్ ఆ చోట ఏం రాసినా ఈ బోర్డు బస్ (చిప్పుల మధ్య డేటా వెళ్ళే గీతలు) మీద విని, తన దగ్గర అదే బొమ్మ కట్టి హెచ్‌డీఎంఐలో పంపిస్తుంది. కాబట్టి ఒక్క చుక్క కూడా మసకబారదు, లోపల సోల్డరింగ్ అక్కర్లేదు, మెషిన్‌లో కలర్ సర్క్యూట్ చెడిపోయి ఉన్నా బొమ్మ వస్తుంది. విదేశాల నుంచి తెప్పించుకోవాలి, కస్టమ్స్ డ్యూటీ కలిపి లెక్క వేసుకోండి. ఏ బోర్డైనా ఎడ్జ్ కనెక్టర్‌కి పెట్టేముందు, తీసేముందు కరెంటు తప్పకుండా ఆపాలి, నడుస్తుండగా కదిపినా షార్ట్ అయ్యి ప్రాసెసరో యూఎల్ఏయో పోతుంది. యూఎల్ఏ పోతే బదులు చిప్పులు ఇప్పుడు కొత్తగా తయారవుతున్నాయి కానీ ఆ ఖర్చు ఎందుకు తెచ్చుకోవాలి.

మీరు ఇంకా ఏదీ కొనకపోతే నా మొదటి సలహా ఏంటంటే, చుట్టాల ఇళ్ళల్లో 14 అంగుళాల పాత కలర్ టీవీ ఏవీ సాకెట్‌తో ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి. మన దేశంలోదీ, స్పెక్ట్రమ్‌దీ ఒకటే పాల్ పద్ధతి, గతుకుడు లేదు, ఆలస్యం లేదు, కాంపోజిట్ పని ఒక్కటి చేస్తే చాలు. ఆ టీవీ మూత మాత్రం విప్పొద్దు, ఆఫ్ చేశాక కూడా పిక్చర్ ట్యూబులో హై వోల్టేజీ నిలిచి ఉంటుంది.

లోడ్ చెయ్యడం

క్యాసెట్ బదులు ఫోన్‌తో మొదలుపెట్టొచ్చు. టేప్ ఫైల్‌ని ఆడియోగా మార్చి ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఇయర్ సాకెట్‌కి మోనో కేబుల్ వేసి, జే కీ నొక్కితే లోడ్ అని వస్తుంది, కొటేషన్ గుర్తు కీ రెండుసార్లు, ఎంటర్, ఫోన్ వాల్యూం పూర్తిగా పెంచి ప్లే. తెర చుట్టూ ముందు ఎరుపు, లేత నీలం పట్టీలు వెడల్పుగా నెమ్మదిగా జారుతాయి, తర్వాత నీలం, పసుపు గీతలు సన్నగా పరిగెడతాయి. ఎరుపు పట్టీలే రాకపోతే శబ్దం చాలడం లేదని అర్థం, ఈ మధ్య ఫోన్లలో అవుట్‌పుట్ తక్కువ, మధ్యలో చిన్న యాంప్లిఫయర్ పెట్టండి. 48 కేబీ నిండా ఉన్న ప్రోగ్రాంకి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది.

రోజూ వాడాలంటే డివ్‌ఎంఎంసీ అనే ఎస్‌డీ కార్డు బోర్డు తీసుకోండి. ఎస్‌డీ కార్డులో ఫైళ్ళు వేసుకుని, దాని మీదున్న బటన్ నొక్కితే లిస్టు వస్తుంది, ఎంచుకుంటే సెకన్లలో లోడ్ అవుతుంది. లోపల ఈఎస్ఎక్స్‌డాస్ అనే చిన్న సిస్టం నడుస్తుంది. మీ అమ్మాయి రాసుకున్న ప్రోగ్రాములు కూడా అందులోనే సేవ్ చేసుకోవచ్చు. నా ఉద్దేశంలో హెచ్‌డీఎంఐ బోర్డు, ఇది, రెండిట్లో ఒక్కటే కొనగలిగితే ఇదే కొనాలి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగి చివర్లో టేప్ లోడింగ్ ఎర్రర్ చూస్తే మాత్రం మళ్ళీ ఆ గదిలోకి రారు.

పనికొచ్చే సాఫ్ట్‌వేర్

నిజం చెప్పాలంటే ఉత్తరాలు, లెక్కలు దీని మీద ఇప్పుడు చెయ్యనక్కర్లేదు. ఆ రోజుల్లో టాస్‌వర్డ్ టూ అనే వర్డ్ ప్రాసెసర్ లైనుకి 64 అక్షరాలు చూపించేది, సైయాన్ వాళ్ళ వ్యూ-కాల్క్ స్ప్రెడ్‌షీట్ ఉండేది, చూడ్డానికి బాగుంటాయి, చూడండి. బొమ్మలు వేసుకోడానికి ఆర్ట్ స్టూడియో ఇప్పటికీ వాడదగ్గది. బేసిక్ బాగా వచ్చాక బీటా బేసిక్, ఇంకా ముందుకెళ్తే హైసాఫ్ట్ వాళ్ళ పాస్కల్, అసెంబ్లర్. ల్యాప్‌టాప్ మీద రాసి ఇక్కడ నడిపించాలంటే సీ భాషకి జెడ్88డీకే ఉంది.

కానీ ఐదో క్లాసు పిల్లకి అసలు సాఫ్ట్‌వేర్ రోమ్‌లోనే ఉంది, ఆ బేసిక్కే. ఆన్ చేసిన రెండు సెకన్లకి కర్సర్ సిద్ధంగా ఉంటుంది, నోటిఫికేషన్లు లేవు, అప్‌డేట్ లేదు. మా ఇంటికొచ్చే పిల్లలకి నేను మొదట నేర్పేది బీప్. బీప్ తర్వాత మొదటి సంఖ్య ఎన్ని సెకన్లో, రెండోది ఏ స్వరమో, సున్నా అంటే పియానో మధ్యలో ఉండే సీ, ఒక్కో అంకెకి అర మెట్టు పైకి. సున్నాని షడ్జమం అనుకుంటే మాయామాళవగౌళ ఆరోహణకి అంకెలు 0, 1, 4, 5, 7, 8, 11, 12. వీటిని డేటా లైన్‌లో పెట్టి రీడ్ చేస్తూ బీప్ చెయ్యమంటే స రి గ మ ప ద ని స వినిపిస్తుంది. సంగీతం నేర్చుకునే పిల్లయితే ఆ సాయంత్రమే సరళీ వరసలు మొదలుపెడుతుంది, సెకన్లు సగానికి తగ్గిస్తే రెండో కాలం, ఇంకా సగానికి తగ్గిస్తే మూడో కాలం అని తనే కనిపెడుతుంది.

రెండోది తెలుగు అక్షరాలు. స్పెక్ట్రమ్‌లో మనం సొంతంగా గీసుకునే అక్షరాలకి 21 చోట్లున్నాయి, ఒక్కోటి ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది చుక్కలు. గళ్ళ కాగితం మీద ర గీయించండి, ఇలా వస్తుంది:

00000010
00100100
00011000
00111100
01000010
01000010
01000010
00111100

పై మూడు వరసలూ తలకట్టు, కింద సున్నా. ఒక్కో వరసని అంకెగా మారిస్తే 2, 36, 24, 60, 66, 66, 66, 60. వీటిని యూఎస్ఆర్ "ఏ" చిరునామా నుంచి వరసగా పోక్ చేసి (అంటే మెమరీలో రాసి), గ్రాఫ్ కీ నొక్కి ఏ నొక్కితే తెర మీద ర వస్తుంది. బైనరీ అంటే ఏంటో పుస్తకంలో ఎంత చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క అక్షరంతో ఎక్కుతుంది. ర, గ లాంటివి 8లో పడతాయి, కానీ క్ష, ఝ, వత్తులు, గుణింతాలు పట్టవు, వాటికి నాలుగు గళ్ళు కలిపి 16 అడ్డం 16 నిలువు తీసుకోవాలి, అప్పుడు 21 చోట్లకి ఐదు అక్షరాలే వస్తాయి. దానికీ దారుంది, ఆ గీతల పట్టిక ఎక్కడుందో చెప్పే చిరునామా 23675, 23676 లో ఉంటుంది, దాన్ని మారిస్తే ఇంకో 21, మళ్ళీ మారిస్తే ఇంకో 21. మొత్తం ఇంగ్లీషు ఫాంటునే మార్చాలంటే 23606, 23607. అక్కడ పెట్టే చిరునామా అసలు ఫాంటు ఉన్నచోటుకి 256 తక్కువగా ఉండాలి, ఇది మర్చిపోతే తెర నిండా పిచ్చి గీతలొస్తాయి. తెలుగు వర్ణమాల మొత్తం ఇలా గీసి తెర మీదికి తెచ్చిన పిల్లలున్నారు, పెద్దవాళ్ళం మేం చెప్పకుండానే పొల్లు, వత్తు ఎలా విడదీసి గీస్తే చోటు కలిసొస్తుందో వాళ్ళే ఆలోచించారు.

ఒకటి మాత్రం ముందే ఆలోచించుకోండి. మీకు కావాల్సింది పాత ఆటలు ఆడుకోవడం వరకే అయితే ఈ మరమ్మతు ఖర్చు అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌లో ఫ్యూజ్ వేసుకోండి, లేదా 2024లో హెచ్‌డీఎంఐతో కొత్తగా తెచ్చిన ది స్పెక్ట్రమ్ ఉంది. మీ నాన్నగారి మెషిన్ మీదే మీ అమ్మాయి టైప్ చెయ్యాలి అనుకుంటే మాత్రం పైన చెప్పినవన్నీ చెయ్యండి.

వాడనప్పుడు సిలికా జెల్ ప్యాకెట్లు వేసి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, బీచ్ వైపు ఇల్లయితే ఇంకా జాగ్రత్త, వానాకాలంలో ప్యాకెట్లు మారుస్తుండాలి. మూత విప్పాక బోర్డు మీద ఇష్యూ అని పక్కన ఒక నంబరు ఉంటుంది, అది, పిన్ 1, 8, 9 మీద వచ్చిన రీడింగులు, ఇక్కడ రాయండి. అవి చూస్తే ఏ భాగాలు తెప్పించాలో, ఏవి అక్కర్లేదో చెప్తాను.